రాసివ్వడం వేరు, రాసిపెట్టడం వేరు: వృద్ధాప్యానికి చట్టపరంగా సిద్ధపడే విధానం

మా నాన్నగారి కర్మకాండలు ముగిసిన మర్నాడు ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. ఇంటి దస్తావేజు అడుగున, నాలుగు మడతలు పెట్టిన రెండు ఠావు కాగితాలు కనిపించాయి. ఇల్లు మా అక్కకు చెందాలని, ఎందుకు చెందాలో కూడా వివరిస్తూ, ముత్యాల్లాంటి అక్షరాలతో ఆయన స్వయంగా రాసుకున్న వీలునామా అది. ప్రతి పేజీ కింద సంతకం, తేదీ ఉన్నాయి. చివర సాక్షి సంతకం మాత్రం ఒక్కటే ఉంది. చట్టం ఇద్దరు సాక్షులను కోరుతుంది కాబట్టి ఆ కాగితాలు చెల్లలేదు. అమ్మ అంతకుముందే పోయింది కనుక ఇల్లు పిల్లలం ముగ్గురికీ సమానంగా సంక్రమించింది. నాన్నగారి మాట నిలబెట్టాలన్న విషయంలో మాకు భేదం లేదు కాబట్టి తమ్ముడూ నేనూ మా వాటాలను హక్కు విడుదల దస్తావేజు ద్వారా అక్క పేర రిజిస్టరు చేయించాం. అందుకు స్టాంపు సుంకం, రిజిస్ట్రేషను రుసుము కట్టాం. తమ్ముడు సెలవు పెట్టుకుని రెండుసార్లు ఊరికి వచ్చాడు. మాలో ఏ ఒక్కరు కాదన్నా ఆయన కోరిక ఆ పెట్టెలోనే ఉండిపోయేది. పక్కింటి నుంచి ఇంకొక్కరిని పిలిచి సంతకం పెట్టించుకుని ఉంటే ఇదంతా అవసరమయ్యేది కాదు.

ఆ అనుభవం తర్వాత చట్టాలు చదివాను, న్యాయవాదులను అడిగాను, చుట్టాల కాగితాలు చూశాను. నాకు అర్థమైనదేమిటంటే, మన ఇళ్లలో పెద్దలు ఆస్తి గురించి ఆలోచించినప్పుడల్లా రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలిపేస్తున్నారు. బతికుండగానే ఆస్తిని మరొకరి పేర బదిలీ చేయడం రాసివ్వడం. తాము పోయాక ఎవరికి చెందాలో నిర్ణయించి, అంతవరకు తమ చేతిలోనే ఉంచుకోవడం రాసిపెట్టడం. ఈ రెంటి మధ్య మూడో అవసరం ఒకటి ఉంది: మనిషి బతికే ఉండి, తన వ్యవహారం తాను చూసుకోలేని కాలం. దాన్ని దాదాపు ఎవరూ తలవరు. ఈ మూడింటికీ చేయవలసిన పనులను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్న కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: కాగితాలను ఒక చోటికి చేర్చి, పేర్లు సరిచూడండి

ఒక నోటుపుస్తకం తీసుకుని మీకున్నవన్నీ రాయండి. ఇల్లు, స్థలం, పొలం, బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, బీమా పాలసీలు, పోస్టాఫీసు పొదుపు, షేర్లు, లాకరు, బంగారంతో పాటు మీరు ఇతరులకు ఇచ్చిన అప్పులు, మీరు తీర్చవలసిన అప్పులు కూడా రాయాలి. చేబదులుకు రాయించుకున్న ప్రామిసరీ నోటు ఉంటే దాని తేదీ చూడండి. మూడేళ్లు దాటితే, ఈలోగా చెల్లు వేయించుకోకపోతే, ఆ నోటు కాలదోషం పడుతుంది; మీ తర్వాత పిల్లలు దానిమీద దావా వేసి ప్రయోజనం ఉండదు.

స్థిరాస్తికి మూల దస్తావేజు, దానికి ముందరి లింకు దస్తావేజులు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తాజా ఇ.సి. (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే పత్రం), ఇంటి పన్ను రసీదు ఉండాలి. పొలానికి పట్టాదారు పాసు పుస్తకంతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో అయితే 1-బి (యాజమాన్య రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) నకళ్లు, తెలంగాణలో అయితే భూభారతి పోర్టల్‌లోని వివరాలు సరిచూడాలి. తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలోకి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పాత పాసు పుస్తకంలో ఉన్న విస్తీర్ణం, కొత్త రికార్డులో ఉన్న విస్తీర్ణం కుంటతో సహా ఒకటేనా కాదా అన్నది మీరు ఉండగానే తేలాలి. సర్వే నంబరులో పొరపాటు ఉందని మీరు చెబితే సాక్ష్యం. మీ తర్వాత మీ పిల్లలు చెబితే అది వివాదం.

చాలా ఇళ్లలో పొలం ఇంకా తాత పేరునే ఉంటుంది. అటువంటప్పుడు ముందు తహసీల్దారు దగ్గర వారసత్వ మ్యుటేషను (రికార్డులో వారసుల పేరుకు మార్పు), తెలంగాణలో విరాసత్ అని పిలిచే పనిని, పూర్తిచేసుకోండి. రికార్డు మీ పేరుకు రాకముందే మీరు వీలునామా రాస్తే, మీ వారసులు రెండు తరాల హక్కును రుజువు చేయవలసి వస్తుంది. పేర్ల సంగతి కూడా ఇక్కడే చూడాలి. దస్తావేజులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక, బ్యాంకులో ఒక్క పొడి అక్షరం ఉండటం మన దగ్గర సర్వసాధారణం. ఆధార్, పాన్, బ్యాంకు పేర్లను ఒకటిగా చేయించండి. పాత దస్తావేజులోని పేరు మార్చలేరు కాబట్టి, ఆ పేరూ ఈ పేరూ ఒకరివేనని వీలునామాలో ఒక వాక్యం రాయండి. అసలు దస్తావేజులకు ఎంత మంచి ఉద్దేశంతోనైనా ప్లాస్టిక్ లామినేషన్ చేయించకండి. స్టాంపు, ముద్రలు, కాగితం పరీక్షించవలసి వచ్చినప్పుడు అది అడ్డమవుతుంది.

రెండో అడుగు: రాయడానికి మీకు హక్కున్నది ఎంత?

స్వార్జితాన్ని మీ ఇష్టప్రకారం ఎవరికైనా రాయవచ్చు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మాత్రం మీ వాటా మేరకే రాయగలరు. ఈ వాటాల లెక్కలో కూతుళ్లను వదిలేయడం మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలోనే, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటా, పెళ్లయినా కాకపోయినా, హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబరు 9 నాటి సవరణ ఆ హక్కును ఇచ్చింది. తండ్రి ఆ తేదీనాటికి బతికి ఉండనవసరం లేదని, అది పుట్టుకతో వచ్చే హక్కని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే పూర్తయిన పంపకాలను ఈ సవరణ కదిలించదు. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదన్న మాటకు చట్టంలో చోటు లేదు.

తాతగారి ఆస్తి అంతా పిత్రార్జితమే అనుకోవడం కూడా సరికాదు. 1956 తర్వాత మరణించిన తండ్రి స్వార్జితం వారసత్వ చట్టం ప్రకారం కొడుకు చేతికి వస్తే, అది సాధారణంగా ఆ కొడుకు సొంత ఆస్తిగానే లెక్కకు వస్తుంది. మనవలు అందులో పుట్టుకతో వాటా అడగలేరు. మీ ఆస్తి ఏ దారిన మీకు వచ్చిందో తేల్చుకోవడానికి ఒక్కసారి న్యాయవాదికి ఫీజు ఇవ్వడం వృథా ఖర్చు కాదు. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూములు వారసులకు సంక్రమిస్తాయి గాని, వాటి బదిలీపై 1977 చట్టం ఆంక్షలు పెట్టింది కాబట్టి వాటిని పట్టికలో వేరుగా గుర్తించండి.

మూడో అడుగు: ఏమీ రాయకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి

హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి తలా ఒక వాటా సమానంగా పొందుతారు. తండ్రి ఈ మొదటి తరగతిలో లేడు. ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురు ఉంటే వారి పిల్లలకు ఆ వాటా వెళ్తుంది. చాలామంది భర్తలు తాము పోతే ఇల్లంతా భార్యదేనని నమ్ముతారు. ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి ఉన్న ఇంట్లో భార్యకు వచ్చేది నాలుగో వంతే. పైగా తల్లికి వచ్చిన నాలుగో వంతు ఆమె తర్వాత ఆమె మిగతా సంతానానికి కూడా చెందుతుంది. అంటే మీ భార్య ఉంటున్న ఇంట్లో మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు భాగం ఏర్పడుతుంది. వాళ్లెంత మంచివారైనా, ఇల్లు అమ్మవలసి వచ్చినప్పుడు అందరి సంతకాలూ కావాలి.

స్త్రీల విషయంలో చట్టం ఇంకా కఠినంగా ఉంది. హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆమె ఆస్తి ముందు పిల్లలకు, భర్తకు చెందుతుంది. వాళ్లెవరూ లేకపోతే భర్త తరఫు వారసులకు వెళ్తుంది; ఆమె సొంత తల్లిదండ్రుల వంతు వాళ్ల తర్వాతనే వస్తుంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం, పిల్లలు లేనప్పుడు, తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. తాను ఉద్యోగం చేసి కొనుక్కున్న ఫ్లాటు మాత్రం ఆ మినహాయింపులోకి రాదు. పిల్లలు లేని వితంతువు ముప్పై ఏళ్లు టీచరుగా పనిచేసి కట్టుకున్న ఇల్లు, ఆమెను చూసుకున్న చెల్లెలికి కాకుండా, ఏళ్ల తరబడి గడప తొక్కని మరిది కొడుకులకు పోతుంది. అందువల్ల మగవారి కన్నా ఆడవారే ముందుగా వీలునామా రాయాలని నా గట్టి అభిప్రాయం.

క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగిలినది పిల్లలకు సమానంగా. ముస్లింలు అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోను మిగిలిన దానిలో మూడో వంతుకు మించి వీలునామా రాస్తే, లేదా వారసుల్లో ఒకరికే రాస్తే, ఆ రాత చెల్లడానికి మిగతా వారసుల సమ్మతి కావాలి. వాళ్లు బతికుండగా ఇచ్చే హిబాకు (దానానికి) ఆ పరిమితి లేదు, కాని ఆస్తిని నిజంగా అప్పగించడం అందులో తప్పనిసరి.

నాలుగో అడుగు: వీలునామా రాసిపెట్టండి

పద్దెనిమిదేళ్లు నిండి, స్థిమితమైన మనసున్న ఎవరైనా వీలునామా రాయవచ్చు. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. చేత్తో రాయవచ్చు, టైపు చేయించవచ్చు, తెలుగులోనే రాయవచ్చు. భారత వారసత్వ చట్టం సెక్షన్ 63 కోరేది ఇంతే: రాసినవారు సంతకం లేదా వేలిముద్ర వేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకం చేయడం చూసి, లేదా అది తన సంతకమేనని రాసినవారే చెప్పగా విని, ఆయన ఎదుట తామూ సంతకాలు చేయాలి. సాక్షులకు లోపలి విషయం చదివి వినిపించనవసరం లేదు. మా నాన్నగారు మొహమాటపడింది బహుశా ఈ సంగతి తెలియకే. ఇంటి సంగతులు ఇద్దరికి తెలియడమెందుకని ఒకరితో సరిపెట్టి ఉంటారు.

సాక్షులను జాగ్రత్తగా ఎంచుకోండి. మీ తర్వాత వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకు వచ్చి చెప్పాలి కాబట్టి, మీకన్నా వయసులో చిన్నవారు, ఊళ్లో స్థిరంగా ఉండేవారు, ఆస్తిలో ఏ లాభమూ లేనివారు కావాలి. క్రైస్తవుల వంటి ఇతరుల విషయంలో సాక్షికి గాని, సాక్షి భార్యకు లేదా భర్తకు గాని రాసిన భాగం చెల్లదని చట్టమే అంటుంది. హిందువులకు ఆ నిబంధన లేదు గాని అనుమానానికి తావు మాత్రం ఇస్తుంది. వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించే భారం దాన్ని చూపించేవారిదేనని సుప్రీంకోర్టు 1958 నుంచి చెబుతూ వస్తోంది. ఆస్తి పొందే కొడుకే లేఖరిని పిలిచి, కాగితం రాయించి, తండ్రిని ఆటోలో తీసుకెళ్లి సంతకం చేయించడం అటువంటి పరిస్థితుల్లో మొదటిది. డెబ్బై దాటినవారు, ఆసుపత్రి నుంచి వచ్చినవారు అదే రోజు ఒక వైద్యుని చేత మానసిక స్థితి బాగున్నట్లు రాయించుకుని జతచేయడం మంచిది.

వీలునామాలో పాత వీలునామాలన్నీ రద్దు చేస్తున్నట్లు, స్వబుద్ధితో రాస్తున్నట్లు మొదట చెప్పండి. ప్రతి స్థిరాస్తికీ సర్వే నంబరు లేదా ఇంటి నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు రాయండి. పొందేవారు మీకన్నా ముందే పోతే ఎవరికి చెందాలో రాయండి. పట్టికలో మరిచిపోయినవి, తర్వాత సంపాదించినవి ఎవరివో చెప్పే వాక్యం ఒకటి తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే మిగిలిన ఆస్తికి వీలునామా లేనట్లే. సంతానంలో ఒకరికి ఇవ్వకపోతే, లేదా తక్కువ ఇస్తే, నిందలు లేకుండా కారణం రాయండి. “పెద్దబ్బాయి చదువుకు, ఇంటికి నేను బతికుండగానే సాయం చేశాను కాబట్టి” అన్న ఒక్క మాట కోర్టులోనూ ఇంట్లోనూ చాలా పని చేస్తుంది.

ఒక వాక్యం దగ్గర మాత్రం ఎంతో జాగ్రత్త కావాలి. మన లేఖరులు అలవాటుగా “నా తదనంతరం నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులు సర్వహక్కులతో అనుభవించవలెను” అని రాస్తారు. ఇందులో భార్యకు ఇల్లు అమ్ముకునే హక్కు లేదు, తాకట్టు పెట్టే హక్కు లేదు. శస్త్రచికిత్సకు డబ్బు కావలసి వస్తే కొడుకుల దయ మీద ఆధారపడాలి. పైగా అటువంటి పరిమిత హక్కు 1956 హిందూ వారసత్వ చట్టం కింద పూర్తి హక్కుగా మారిందా లేదా అన్న దానిమీద దశాబ్దాలుగా దావాలు నడుస్తూనే ఉన్నాయి. ఆమెకు పూర్తి హక్కు ఇవ్వడం మీ ఉద్దేశమైతే “సర్వహక్కులతో, విక్రయాది హక్కులతో” అని రాయండి. జీవితకాల హక్కే ఇవ్వదలిస్తే, వైద్యానికి అమ్ముకునే అధికారం ఉందో లేదో కూడా అందులోనే చెప్పండి. భార్యాభర్తలు ఒకే కాగితంపై ఉమ్మడిగా రాయడం కన్నా ఎవరి వీలునామా వారు రాసుకోవడమే క్షేమం.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా చేయించండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో స్వయంగా హాజరై వేలిముద్ర, ఫొటో ఇచ్చిన వీలునామాను దొంగ సంతకమని అనడం కష్టం. మీరు బతికి ఉన్నంతకాలం దాని నకలు మీకు, మీరు అధికారం ఇచ్చినవారికి తప్ప వేరెవరికీ ఇవ్వరు. నడవలేని స్థితి ఉంటే దరఖాస్తు పెట్టుకుని అధికారిని ఇంటికి రప్పించుకునే వీలు రిజిస్ట్రేషను చట్టంలో ఉంది. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరచే ఏర్పాటు కూడా ఉంది, కాని వాడుకునేవారు తక్కువ. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. రిజిస్టరైన దాన్ని మార్చేటప్పుడు కొత్తది కూడా రిజిస్టరు చేయించడం వివేకం. హిందువుల వీలునామాకు మన రెండు రాష్ట్రాల్లో ప్రొబేటు (కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరి కాదు.

ఐదో అడుగు: రాసివ్వక తప్పకపోతే, షరతుతో ఇవ్వండి

“ఎలాగూ వాళ్లకేగా, ఇప్పుడే రిజిస్టరు చేసేస్తే పోలా” అన్న మాట వినని ఇల్లు లేదు. ఒకసారి దాన సెటిల్మెంటు దస్తావేజు రిజిస్టరై, అవతలివారు స్వీకరించాక, దాన్ని మీ అంతట మీరు వెనక్కి తీసుకోలేరు. ఆ మరుసటి రోజు నుంచి మీరు మీ ఇంట్లోనే అతిథి. దేశంలో వారసత్వ పన్ను 1985లోనే పోయింది కాబట్టి, పన్ను తప్పుతుందని ముందే ఇచ్చేయడంలోనూ లాభం లేదు. ఆస్తి మీ చేతిలో ఉంటేనే మీకు గౌరవం ఉంటుందని నేను అనడం లేదు, ప్రేమగా చూసుకునే పిల్లలే ఎక్కువ. అయితే ఆ పిల్లలు మీకన్నా ముందే పోవచ్చు, వ్యాపారంలో నష్టపోయి ఇల్లు జప్తుకు రావచ్చు, వాళ్ల కాపురం చెడి ఆస్తి దావాలో చిక్కుకోవచ్చు.

ఏ కారణం వల్లనైనా ఇవ్వవలసి వస్తే రెండు రక్షణలు దస్తావేజులోనే పెట్టుకోండి. మొదటిది జీవితకాల అనుభవ హక్కు: మీరూ మీ జీవిత భాగస్వామీ బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీకే నిలుపుకోవడం. రెండోది పోషణ షరతు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని సెక్షన్ 23 ప్రకారం, అరవై దాటినవారు తమ కనీస అవసరాలు చూడాలన్న షరతుతో, ఆ చట్టం వచ్చిన తర్వాత, ఆస్తిని ఇచ్చి, తీసుకున్నవారు చూడకపోతే, ఆ బదిలీని మోసంతో జరిగినదిగా భావించి రద్దుచేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. షరతు లేకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో ఆ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని, ట్రిబ్యునల్ ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించగలదని కూడా చెప్పింది. రెండు తీర్పులనూ కలిపి చదివితే చేయవలసింది స్పష్టం. దస్తావేజులో ఇటువంటి వాక్యం కావాలి: “దానగ్రహీత నా జీవితాంతం నాకు భోజన, వసతి, వైద్య సదుపాయాలు కల్పించవలెననే షరతుపై ఈ ఆస్తిని ఇస్తున్నాను. ఆ షరతు తప్పినచో ఈ దస్తావేజు రద్దు కాదగినది.” లేఖరి దగ్గర ఉండే పాత నమూనాలో ఈ మాటలు ఉండకపోవచ్చు, “ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను” అని మాత్రమే ఉంటుంది. అడిగి చేర్పించండి.

ఇప్పటికే ఇచ్చేసి ఇబ్బంది పడుతున్నవారు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు తెల్ల కాగితంపై దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోషణ దరఖాస్తును నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజులు పొడిగించవచ్చు. చట్టం ప్రకారం నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు పోషణ భత్యం ఇప్పించవచ్చు. పిల్లలు లేనివారు తమ ఆస్తి అనుభవిస్తున్న, లేదా తర్వాత పొందబోయే బంధువు మీద కూడా అడగవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు 14567 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు.

ఆరో అడుగు: బతికుండీ సంతకం చేయలేని రోజులకు

వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది. పక్షవాతం, మతిమరుపు వ్యాధి, కోమా వంటి స్థితిలో అది పెట్టెలో కాగితమే. చాలామంది దీనికి జి.పి.ఏ. (తమ తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసి ధీమాగా ఉంటారు. అది పొరపాటు. మన కాంట్రాక్టు చట్టం సెక్షన్ 201 ప్రకారం, రాసినవారు మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా జి.పి.ఏ. ముగిసిపోతుంది. సరిగ్గా అవసరమైన రోజునే అది చెల్లకుండా పోతుందన్నమాట. మీకు తెలివి ఉండి తిరగలేని కాలానికి మాత్రం అది ఎంతో ఉపయోగం. అటువంటప్పుడు కూడా అమ్మకం అధికారం ఇవ్వకుండా, పన్నులు కట్టడం, అద్దెలు వసూలు చేయడం వంటి నిర్దిష్ట పనులకే రాయండి.

అందువల్ల వేరే ఏర్పాట్లు కావాలి. ఇంటి ఖర్చుకు, వైద్యానికి సరిపడే డబ్బున్న ఖాతాను జీవిత భాగస్వామితో గాని నమ్మకమైన సంతానంతో గాని ‘ఎవరైనా ఒకరు లేదా జీవించి ఉన్నవారు’ పద్ధతిలో ఉమ్మడిగా మార్చండి. డిపాజిట్లలో గడువుకు ముందే తీసుకునే అనుమతిని కూడా ముందే ఇవ్వండి. మంచం మీద ఉండి సంతకం చేయలేనివారు ఇద్దరు సాక్షుల ఎదుట, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయ్యేలా, వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కౌంటరులో కాదంటే మేనేజరును అడగండి. తెలివి పూర్తిగా పోయినవారి ఆస్తి వ్యవహారాలకు మాత్రం కుటుంబాలు హైకోర్టులో రిట్ వేసి సంరక్షకుణ్ని నియమించమని కోరుతున్నాయి. కోమాలో ఉన్నవారి విషయంలో 2019లో కేరళ హైకోర్టు ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ దారి ఉంది గాని, అది తేలేదాకా ఆసుపత్రి బిల్లు ఆగదు.

వైద్యం విషయంలో మీ మాట ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించి, 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. కోలుకునే ఆశ లేని దశలో వెంటిలేటరు వంటి కృత్రిమ సాధనాలతో ప్రాణం నిలపవద్దని మీరు కోరుకుంటే, ఆ సంగతిని ఇద్దరు సాక్షుల ఎదుట రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేయాలి. మీ తరఫున నిర్ణయం చెప్పేవారి పేర్లు అందులో ఉండాలి; ఒకరికన్నా ఎక్కువమందిని పెట్టవచ్చు. నకళ్లను వాళ్లకు, కుటుంబ వైద్యునికి, స్థానిక సంస్థలోని నిర్దేశిత అధికారికి ఇవ్వాలి. సమయం వచ్చినప్పుడు ఆసుపత్రి వైద్యుల బోర్డు, దానిపై రెండో బోర్డు పరిశీలించి, వీలైనంతవరకు ఒక్కొక్కటి 48 గంటల్లో అభిప్రాయం చెబుతాయి. మా అమ్మ చివరి తొమ్మిది రోజులు ఐ.సి.యు. బయట కుర్చీల్లో కూర్చుని, ఆమె ఏం కోరుకునేదో ఒకరినొకరం అడుగుతూ గడిపాం. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ కాగితం ఒకటి ఉండి ఉంటే, నిర్ణయం ఆమెదై ఉండేది.

మానసిక ఆరోగ్య చికిత్స కోసం 2017 చట్టం కింద ఒక నామినేటెడ్ ప్రతినిధిని తెల్ల కాగితంపైనే నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధికి ఆస్తి మీద అధికారం ఉండదు.

ఏడో అడుగు: నామినీలు

నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పగించవలసిన వ్యక్తి; చాలా సందర్భాల్లో యజమాని కాదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో దీన్నే మళ్లీ చెప్పింది. బీమాలో తల్లిదండ్రులను, భార్య లేదా భర్తను, పిల్లలను నామినీగా పెడితే 2015 సవరణ వాళ్లను లబ్ధిదారులుగానే చూస్తుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను, శాతాలతో సహా, పెట్టుకోవచ్చు. వీలునామాలో ఒకరు, నామినేషనులో మరొకరు ఉంటే తగువు ఖాయం కాబట్టి రెండూ ఒకేలా ఉంచండి. పదేళ్లు కదలని ఖాతాల డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. అటువంటివి ఉన్నాయేమో రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో వెతకవచ్చు.

ఎనిమిదో అడుగు: విదేశాల్లో ఉన్న పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లకు ఒక ముఖ్య విషయం. ప్రవాసులు వ్యవసాయ భూమిని కొనలేరు, దానంగా పొందలేరు. వారసత్వంగా, వీలునామా ద్వారా మాత్రం పొందవచ్చు. కాబట్టి పొలం వాళ్లకు చెందాలంటే రాసివ్వడం కుదరదు, రాసిపెట్టడమే మార్గం. అక్కడి నుంచి వాళ్లు పంపే జి.పి.ఏ. భారత కాన్సులేట్‌లో లేదా అపోస్టిల్‌తో (ఇతర దేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ధ్రువీకరణతో) ధ్రువీకరింపబడి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టి ఉండాలి.

మేధోవైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలున్న సంతానానికి పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులు దానంతటదే చట్టబద్ధ సంరక్షకులుగా ఉండరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయిలో ఉండే కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకత్వం పొందాలి. మీ తర్వాత ఎవరు చూస్తారో వాళ్లతో మాట్లాడి, ఆ పేరును కూడా సూచించండి. ఆస్తిని నేరుగా ఆ బిడ్డ పేర రాస్తే నిర్వహించేవారుండరు. ఒక ప్రైవేటు ట్రస్టు ఏర్పరచి, ఆ బిడ్డను లబ్ధిదారుగా పెట్టి, వీలునామా ద్వారా ఆస్తిని ఆ ట్రస్టుకు చేర్చడం మెరుగు. ఇంతవరకు చెప్పిన వాటిలో న్యాయవాది లేకుండా అసలే చేయకూడని పని ఇదే.

తొమ్మిదో అడుగు: ఎక్కడుందో చెప్పండి

అసలు వీలునామాను మీ ఒక్కరి పేరనే ఉన్న లాకరులో పెట్టకండి. లాకరు తెరవడానికే కాగితాలు అడుగుతారు, ఆ కాగితాలు లాకరులో ఉంటాయి. ఇంట్లో ఒక కవరులో అసలు వీలునామా, ఆస్తుల నోటుపుస్తకం, బీమా వివరాలు, ఫోను తెరిచే అంకెలు, వైద్యం గురించి రాసుకున్న పత్రం ఉంచి, అది ఎక్కడుందో కనీసం ఇద్దరికి చెప్పండి. లోపల ఏముందో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇంట్లో పెళ్లి, విడాకులు, మరణం, ఆస్తి అమ్మకం ఏది జరిగినా వీలునామా తీసి చదవండి. క్రైస్తవులకు పెళ్లితో పాత వీలునామా రద్దవుతుంది, హిందువులకు కాదు.

మీ తర్వాత చేయవలసిన పనులను కూడా ఒక పేజీలో రాసి ఆ కవరులో వేయండి. 21 రోజుల్లోగా మరణ నమోదు, పది పన్నెండు ధ్రువపత్రాల నకళ్లు, తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పొలానికి వారసత్వ మ్యుటేషను, ఇంటికి పురపాలక సంఘం లేదా పంచాయతీలో పేరు మార్పు. నామినీ లేని డిపాజిట్లకు, షేర్లకు సివిల్ కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ అడగవచ్చు. అదీ, తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రమూ ఒకటి కాదు.

నా వీలునామా పోయిన ఏడాది రిజిస్టరు చేయించాను. సాక్షులుగా వచ్చిన ఇద్దరూ నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు. కవరు నాన్నగారి ట్రంకుపెట్టెలోనే, పైన కనబడేటట్టు, ఆయన రాసిన రెండు ఠావుల పక్కన ఉంది.